గాలి కొట్టే చోటు చేతికందాలి

పెట్రోలు బంకులో గాలి పట్టే చోట ఎప్పుడైనా ఒక పావుగంట నిలబడి చూశారా? ఈసారి ఇంట్లో వాళ్ళతో వెళ్ళినప్పుడు చూడండి.

ముందు ఒక కారు వస్తుంది. గాలి పట్టే కుర్రవాడు గొట్టం లాక్కొచ్చి, చక్రానికి బయటి వైపున కనిపిస్తున్న వాల్వుకు దాని మూతి తగిలిస్తాడు. నాలుగు చక్రాలకూ నాలుగైదు నిమిషాల్లో పని అయిపోతుంది. వెనకే ఒక మోటారు సైకిలు వస్తుంది. ఇప్పుడు కుర్రవాడు నేలమీద గొంతుక్కూర్చుంటాడు. వాల్వు రిమ్ము నడుమ నుంచి ఇరుసు వైపు నిటారుగా చూస్తూ ఉంటుంది. దానికి ఒక పక్క బ్రేకు, ఒక పక్క చైన్ చక్రం, చుట్టూ ఊచలు. లారీలకు కూడా పనికివచ్చే ఆ పొడుగాటి గొట్టం మూతి ఈ సందులో దూరదు. బండిని కాస్త ముందుకు తోయమంటాడు. మళ్ళీ వెనక్కు లాగమంటాడు. మూతిని ఏటవాలుగా గుచ్చుతాడు. బుస్సుమని గాలి బయటకు పోతుంది. ఆఖరికి లేచి నిలబడి, "దీనికి పట్టదు సార్, పంక్చర్ షాపులో కొట్టించుకోండి" అంటాడు.

బంకుల్లో బండ్లకు గాలి ఉచితంగా పట్టాలన్నది మన దేశంలో నియమం. డబ్బు పెట్టనక్కరలేని గాలిని కూడా తీసుకోకుండా ఎంతోమంది వెళ్ళిపోతున్నారు. పెద్దలు దీన్ని బద్ధకం అంటారు. నేను అలా అనుకోను. బద్ధకం కొంత ఉంటే ఉండవచ్చు. కాని, పనికి అడ్డం వస్తున్నది చాలా వరకు ఒక చిన్న గొట్టం తిరిగి ఉన్న దిశ. ఆ దిశను మార్చుకోవచ్చు. మార్చుకోవాలి కూడా. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ఇంతే.

ఈ సంగతి మీద నాకింత పట్టుదల ఎందుకో కూడా చెప్పాలి. కొన్నేళ్ళ క్రితం నా మోటారు సైకిలు వెనక టైరుకు గాలి పట్టదని ఇలాగే రెండుసార్లు తిప్పి పంపారు. పంక్చర్ షాపు నేను బడికి వెళ్ళే దారిలో లేదు. రేపు వెళదాం, ఎల్లుండి వెళదాం అనుకుంటూ నెల గడిపాను. ఒక వానాకాలపు సాయంత్రం నా భార్యను వెనక కూర్చోబెట్టుకుని వస్తుండగా మలుపులో వెనక చక్రం పక్కకు జారింది. వేగం తక్కువ గనుక నాకు మోచేయి గీసుకుపోవడంతో సరిపోయింది. ఆమెకు మణికట్టు ఎముక విరిగింది. ఆరు వారాలు చేతికి కట్టుతో ఉంది. మర్నాడు మెకానిక్కు గేజి పెట్టి చూస్తే, 28 పౌండ్లు ఉండవలసిన టైరులో 13 ఉన్నాయి. గాలి తగ్గడం ఒక్కటే ప్రమాదానికి కారణమని నేను అనను. రోడ్డు తడిగా ఉంది, మలుపు కూడా ఉంది. కాని ఆ రెండూ నా చేతిలో లేనివి, గాలి నా చేతిలో ఉన్నది. అప్పటికి పాతికేళ్ళుగా తరగతిలో పీడనం పాఠం చెబుతున్నవాణ్ణి. ఆ పాఠం నా బండి చక్రం దాకా ఎందుకు వెళ్ళలేదు?

బండిని మోసేది ఏది?

మోటారు సైకిలును మోసేది టైరు రబ్బరు అని చాలామంది అనుకుంటారు. రబ్బరు ఒక సంచి మాత్రమే. మోసేది అందులో కూరిన గాలి.

చిన్న లెక్క వేద్దాం. ఇద్దరు కూర్చున్న బండి వెనక చక్రం మీద 140 కిలోల బరువు పడుతున్నదని అనుకోండి. టైరులో 28 పౌండ్ల గాలి ఉంది. అంటే చదరపు అంగుళానికి 28 పౌండ్లు. మన లెక్కలో చదరపు సెంటీమీటరుకు ఇంచుమించు 2 కిలోలు. పీడనం అంటే ప్రమాణ వైశాల్యం మీద పనిచేసే బలం కదా. 140 కిలోలను 2 తో భాగిస్తే 70 చదరపు సెంటీమీటర్లు వస్తుంది. మీ అరచేతికి ఇంచుమించు సరిపోయే ఆ మేర టైరు నేలను తాకి ఉంటే చాలు, గాలి ఆ బరువును మోస్తుంది. ఇప్పుడు గాలిని 14 పౌండ్లకు తగ్గించండి. అదే బరువును మోయడానికి 140 చదరపు సెంటీమీటర్లు కావాలి. టైరు గోడకు కూడా కొంత బిగువు ఉంటుంది గనుక లెక్క అచ్చంగా ఇలాగే రాదు. కాని జరిగేది ఇదే: టైరు అణిగి, రెట్టింపు మేర నేలకు పరచుకుంటుంది.

ఎక్కువ మేర తాకితే పట్టు పెరగాలి కదా అని మీరు అడగవచ్చు. మంచి ప్రశ్న. మోటారు సైకిలు మలుపులో పక్కకు ఒరుగుతుంది. గాలి తగ్గిన టైరు గోడలు అప్పుడు బిగువుగా నిలబడవు, కింద మెలి తిరుగుతాయి. రోడ్డు మీద నీళ్ళుంటే, గట్టిగా ఉన్న టైరు ఆ నీటిని పక్కకు నెట్టి నేలను పట్టుకుంటుంది. మెత్తబడిన టైరుకు ఆ శక్తి తగ్గుతుంది. అంతేకాదు, చక్రం తిరిగిన ప్రతిసారీ టైరు గోడ ఎక్కువగా వంగి తిరిగి సాగుతుంటే లోపల వేడి పుడుతుంది. ఒక ఇనుప తీగను పదేపదే వంచి చూడండి, వంచిన చోట వేడెక్కుతుంది. ఇదీ అలాంటిదే. ఆ వేడికి ఖర్చయ్యేది మనం కొన్న పెట్రోలులోని శక్తే. టైరు జీవితమూ తగ్గుతుంది.

మేకు దిగకపోయినా గాలి తగ్గుతుంది. రబ్బరుకు మన కంటికి కనిపించని సందులుంటాయి. గాలి అణువులు వాటి గుండా కొద్దికొద్దిగా జారిపోతూనే ఉంటాయి. అందుచేత పంక్చరు లేని టైరు కూడా నెలకు ఒకటి రెండు పౌండ్లు కోల్పోవడం మామూలే. ట్యూబు లేని టైరుకూ ఇది తప్పదు. "ట్యూబ్‌లెస్ టైరండీ, గాలి చూడనక్కరలేదు" అనే మాట తప్పు.

తనను తానే మూసుకునే తలుపు

ఇక వాల్వు సంగతి చూద్దాం. ఐర్లాండులోని బెల్‌ఫాస్టు నగరంలో పశువైద్యుడుగా ఉన్న జాన్ బాయిడ్ డన్‌లప్ 1888లో తన కుమారుడి మూడు చక్రాల సైకిలు కోసం గాలి టైరు తయారుచేశాడు. అంతకు చాలా ముందే, 1845లో, రాబర్ట్ విలియం థామ్సన్ అనే స్కాట్లండు ఇంజనీరు గాలి టైరుకు పేటెంటు పొందాడు గాని అప్పుడు అది వాడుకలోకి రాలేదు. గాలి టైరుతో పాటే ఒక చిక్కు పుట్టింది. గాలి లోపలికి వెళ్ళాలి, బయటికి రాకూడదు. అదే సమయంలో, కావాలంటే బయటికి తీయగలగాలి, ఎంత ఉందో కొలవగలగాలి.

మన సైకిళ్ళలో చాలావాటికి ఉన్న వాల్వు సంగతి మీకు తెలుసు. చిన్న ఇత్తడి ముక్కకు ఒక రంధ్రం, దాన్ని కప్పుతూ సన్నటి వాల్వు ట్యూబు తొడిగి ఉంటుంది. దీన్ని వుడ్స్ వాల్వు అంటారు. మీరు పంపు కొట్టినప్పుడు గాలి ఆ రబ్బరును ఉబ్బించి, దాని కింద నుంచి దారి చేసుకుని లోపలికి పోవాలి. అందుకే సైకిలుకు పంపు కొట్టడం అంత ఆయాసం. రబ్బరు ముడుచుకుని రంధ్రాన్ని మూసేస్తుంది గనుక లోపలి గాలిని మామూలు గేజితో కొలవడమూ కుదరదు. బొటనవేలితో టైరును నొక్కి చూసి సరిపెట్టుకుంటాం.

మోటారు సైకిళ్ళకు, కార్లకు, లారీలకు ఉండే వాల్వు వేరు. జర్మనీ నుంచి వలస వెళ్ళి న్యూయార్కులో రబ్బరు సామగ్రి తయారుచేసిన అగస్ట్ ష్రేడర్ కుమారుడు జార్జి 1893లో దీనికి పేటెంటు తీసుకున్నాడు. ఇత్తడి గొట్టం లోపల ఒక సన్నటి పిన్ను, దాని అడుగున రబ్బరు వాషరు, పైకి లాగి పట్టుకునే స్ప్రింగు, అంతే. పిన్నును నొక్కితే వాషరు కిందికి జరిగి దారి తెరుచుకుంటుంది. వదిలితే స్ప్రింగు దాన్ని మూస్తుంది. లోపలి గాలి పీడనం కూడా వాషరును గట్టిగా పైకి నొక్కి ఉంచుతుంది. అంటే లోపలున్న గాలే తన తలుపును మూసుకుని కూర్చుంటుంది. ఎక్కువ గాలి ఉన్నకొద్దీ తలుపు ఇంకా బిగుస్తుంది. స్కూటరు వాల్వుకు, బస్సు వాల్వుకు మూత బిగించే మరలు ఒక్కటే కొలతలో ఉంటాయి. అందుకే ఒకే గొట్టం అన్ని బండ్లకూ పనికివస్తుంది. నూరేళ్ళు దాటినా పెద్దగా మారని ఇలాంటి వస్తువులు మన చుట్టూ ఎన్ని ఉన్నాయి?

వాల్వు మంచిదే. చిక్కంతా దాన్ని పెట్టిన చోటులో ఉంది. గొట్టం మూతి వాల్వుకు నిటారుగా, ఒకే వరుసలో కూర్చుంటేనే అందులోని రబ్బరు చుట్టూ మూసుకుని, మధ్యనున్న పొడుచు పిన్నును సరిగా నొక్కుతుంది. ఏటవాలుగా పెడితే పిన్ను తెరుచుకుంటుంది గాని చుట్టూ సందు ఉండిపోతుంది. గాలి లోపలికి పోవడానికి బదులు బయటికి పోతుంది.

ఆ బుస్సు మనకెంత ఖర్చో లెక్కకట్టవచ్చు. చిన్న స్కూటరు టైరు లోపలి ఘనపరిమాణం 5 లీటర్లనుకోండి. వాతావరణ పీడనం 14.7 పౌండ్లు. బాయిల్ నియమం ప్రకారం ఆ టైరులో పీడనం ఒక్క పౌండు తగ్గాలంటే బయటి పీడనం వద్ద కొలిచినప్పుడు 5 ను 14.7 తో భాగించినంత గాలి, అంటే లీటరులో మూడో వంతు బయటికి పోతే చాలు. మూడు టీ గ్లాసుల గాలి! కారు టైరు దీనికి ఐదారు రెట్లు పెద్దది గనుక అంత గాలి పోయినా దానికి లెక్కలోకి రాదు. కాబట్టి రెండు మూడుసార్లు బుస్సుమనిపిస్తే, గాలి చూడడానికి వెళ్ళిన స్కూటరు ఉన్న గాలి కూడా పోగొట్టుకుని ఇంటికి రావచ్చు. అన్నిటికంటె చిన్న టైరుకు అన్నిటికంటె అందని వాల్వు ఉండడం ఎంత తలకిందుల ఏర్పాటో చూడండి.

వంపు వాల్వు

దీనికి మందు కొత్తగా కనిపెట్టనక్కరలేదు. పాత రోజుల్లో మన ఊళ్ళలో తిరిగిన స్కూటర్లు మీ తాతగారికి గుర్తుంటాయి. వాటి ట్యూబులకు ఇత్తడి వాల్వు పక్కకు వంగి ఉండేది. బండి పక్కన నిలబడి గొట్టం తగిలిస్తే చాలు. ఇప్పుడు కూడా కొన్ని ఖరీదైన మోటారు సైకిళ్ళకు వాల్వు పక్కకే తిరిగి ఉంటుంది. సౌకర్యం మనకు తెలియనిది కాదు, అందరికీ అందనిది.

ట్యూబు లేని టైరున్న బండికి ఈ మార్పు సులభం. అందులో వాల్వు రిమ్ముకే బిగించి ఉంటుంది. రిమ్ము రంధ్రంలోకి లాగి కూర్చోబెట్టిన రబ్బరు వాల్వును తీసివేసి, దాని చోట లోహపు వంపు వాల్వును రబ్బరు వాషర్లతో, నట్టుతో బిగించవచ్చు. కుళాయి పైపు మలుపులో ప్లంబరు పెట్టే ఎల్బో లాగా ఇది ఇంచుమించు 90 డిగ్రీలు పక్కకు తిరుగుతుంది. గొట్టం మూతి పక్క నుంచి నేరుగా వచ్చి కూర్చుంటుంది. టైరు ధరతో పోలిస్తే దీని ధర చాలా తక్కువ. అయితే దీన్ని బిగించాలంటే టైరును రిమ్ము నుంచి విప్పాలి. అందుచేత కొత్త టైరు వేయించేటప్పుడే ఈ పని చేయించడం తెలివి. ఎలాగూ ట్యూబు లేని టైరు మార్చినప్పుడు పాత రబ్బరు వాల్వును కూడా మార్చవలసిందే. గాలిలోని ఓజోను, ఎండ, వేడి కలిసి రబ్బరును చీలుస్తాయి. ఆ చీలికలు వాల్వు అడుగున, వంగే చోట మొదలవుతాయి. పాత వాల్వును వేలితో పక్కకు వంచి మొదట్లో చూడండి. సన్నటి గీతలు కనిపిస్తే దానికి కాలం చెల్లిందన్నమాట.

ఇంట్లోని బండికి ట్యూబు ఉంటే ఈ మార్పు కుదరదు. ట్యూబుకూ వాల్వుకూ అతుకు కర్మాగారంలోనే పడుతుంది. విడిగా వాల్వును మార్చబోతే ట్యూబు పాడవుతుంది. అలాంటి వాళ్ళకు మరో దారి ఉంది. వాల్వు మీద మరలతో బిగించే చిన్న ఎల్బో ముక్క దొరుకుతుంది. గాలి పట్టేటప్పుడు దాన్ని బిగించి, పని కాగానే తీసి డిక్కీలోనో పనిముట్ల సంచిలోనో పెట్టుకోవాలి.

"తీసి" అన్న మాటను మరవకండి. ఎందుకో భౌతికశాస్త్రం చెబుతుంది.

పది గ్రాములు అరకిలో అయ్యే చోటు

మోటారు సైకిలు గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతున్నది. అంటే సెకనుకు 16.7 మీటర్లు. టైరు బయటి వ్యాసార్ధం 0.3 మీటరు అనుకుంటే చక్రం సెకనుకు దాదాపు 9 సార్లు తిరుగుతుంది. వాల్వు కొన ఇరుసు నుంచి 0.18 మీటరు దూరంలో ఉందనుకోండి. వృత్తాకార చలనం పాఠంలోని సూత్రంతో లెక్క కడితే అక్కడి త్వరణం గురుత్వ త్వరణానికి సుమారు 57 రెట్లు వస్తుంది. మీరూ కాగితం మీద వేసి చూడండి.

దీని అర్థం ఏమిటి? వాల్వు కొనకు తగిలించి వదిలేసిన 10 గ్రాముల ఇత్తడి ముక్క, చక్రంతో పాటు తిరుగుతున్నప్పుడు అరకిలోకు పైగా బరువున్న ముక్కలా వాల్వును లాగుతుంది. లాగే దిశ ఇరుసు నుంచి బయటికి. వేగం రెట్టింపయితే ఆ లాగుడు నాలుగు రెట్లవుతుంది. వాల్వు రబ్బరుదైతే ఆ బరువుకు పక్కకు వాలుతుంది. బండి ఆగితే తిరిగి లేస్తుంది. ఇలా రోజుకు ఎన్నో సార్లు. ఇనుప తీగను వంచి వంచి విరిచినట్లే, వాల్వు మొదలు ఒకనాడు తెగుతుంది. ట్యూబు లేని టైరులో వాల్వు తెగితే గాలి క్షణాల్లో పోతుంది. సులభంగా గాలి పట్టించుకోవాలని పెట్టిన ముక్కే మొత్తం గాలిని తీసేస్తుంది. గాలి పీడనాన్ని ఫోనులో చూపించే ఎలక్ట్రానిక్ మూతలు ఇప్పుడు అమ్ముతున్నారు. బరువైన వాటిని రబ్బరు వాల్వుకు తగిలించడం విషయంలో కూడా ఇదే జాగ్రత్త అవసరం.

లోహపు వంపు వాల్వు ఈ లాగుడుకు వంగదు, మొదటి నుంచీ రిమ్ముకు నట్టుతో బిగిసి ఉంటుంది గనుక. దానికి ఇంకొక మంచి గుణం ఉంది. నిటారు వాల్వులో పిన్ను తెరుచుకునే దిశ, చక్రం తిరిగేటప్పుడు పిన్నును లాగే దిశ ఒక్కటే. రెండూ ఇరుసు నుంచి బయటికే. మన రోడ్ల వేగాల్లో స్ప్రింగు, లోపలి గాలి కలిసి దీన్ని తేలికగా అడ్డుకుంటాయి. పందెం బండ్ల వేగాల్లో మాత్రం ఇది ఆలోచించవలసిన విషయమే. వంపు వాల్వులో పిన్ను పక్కకు పడుకుని ఉంటుంది గనుక ఈ బాధ లేదు. నిటారు వాల్వుకు బిగించే మూత అలంకారం కాదని కూడా ఇక్కడే గ్రహించాలి. అది దుమ్మును ఆపుతుంది, రెండో తలుపుగా పనిచేస్తుంది. మూత పోయిన వాల్వు మీ ఇంటి బండికి ఉంటే రేపే కొత్తది పెట్టించండి.

వంపు వాల్వు పెట్టించేటప్పుడు చూడవలసినవి మూడు. ఒకటి, రంధ్రం కొలత. మోటారు సైకిలు రిమ్ములలో 8.3 మిల్లీమీటర్ల రంధ్రాలూ ఉన్నాయి, 11.3 మిల్లీమీటర్లవీ ఉన్నాయి. ఒకదానిది రెండోదానికి పెట్టి "బిగిస్తే సరిపోతుంది" అనే మెకానిక్కు మాట వినకూడదు. రెండు, వంపు ఎటు తిరిగి ఉన్నదీ, ఎంత పొడుగున్నదీ. బిగించాక బండిని స్టాండు మీద నిలిపి చక్రాన్ని చేత్తో మెల్లగా పూర్తిగా ఒక చుట్టు తిప్పాలి. వాల్వు బ్రేకుకు గాని, చైనుకు గాని, మరే భాగానికి గాని తగలకూడదు, దగ్గరగా కూడా పోకూడదు. మూడు, కారుడు. పంక్చర్ షాపు వాళ్ళు వాల్వు మీద కాస్త ఉమ్మి రాసి బుడగ వస్తుందేమో చూస్తారు. మనం సబ్బు నీళ్ళు రాద్దాం. వాల్వు కొన దగ్గరే కాదు, నట్టు చుట్టూ కూడా రాయాలి.

ట్యూబున్న చక్రాలకు ఇంకొక హెచ్చరిక. వాల్వు రిమ్ములో నిటారుగా కాక ఒక పక్కకు ఒరిగి కనిపిస్తే, దాన్ని శ్రావణంతో వంచి సరిచేయబోకండి. గాలి తగ్గి, టైరు రిమ్ము మీద జారి, ట్యూబును కూడా లాక్కుపోయిందనడానికి అది గుర్తు. అలాగే నడిపితే వాల్వు మొదట్లో ట్యూబు చిరుగుతుంది.

మాస్టారి మాటకు నా జవాబు

మా స్టాఫ్‌రూములో ఒక మాస్టారు ఈ మాటలన్నీ విని, "శ్రద్ధ ఉన్నవాడికి వాల్వు ఎటు తిరిగి ఉంటేనేం? వంగి కొట్టించుకుంటాడు. మనుషుల్ని మార్చాలి గాని వస్తువుల్ని కాదు" అన్నారు. ఆయన మాటలో నిజం లేకపోలేదు. ఎంత మంచి వాల్వయినా తనంతట తాను గాలి పీల్చుకోదు. కాని శ్రద్ధ అనేది ఆకాశం నుంచి ఊడిపడదు. పని సులువుగా ఉన్నచోట శ్రద్ధ నిలుస్తుంది, ప్రతిసారీ మోకాళ్ళు నొప్పి పుట్టేచోట నాలుగు రోజులకు సన్నగిల్లుతుంది. చేతులు కడుక్కోమని బోర్డు రాసి పెట్టడం ఒక పద్ధతి, కుళాయిని భోజనాల గది గుమ్మం దగ్గర పెట్టడం ఇంకొక పద్ధతి. రెండోది లేకుండా మొదటిదాని మీదే భారం వేసి, ఆ తరువాత పిల్లలను తిట్టడం న్యాయం కాదు.

కనుక నా అభిప్రాయంలో మొదటి బాధ్యత బండి తయారుచేసేవారిది. లక్షల్లో తయారయ్యే బండికి వాల్వును పక్కకు తిప్పి పెట్టడం పెద్ద పని కాదు. కొన్ని అల్లాయ్ చక్రాలలో రంధ్రాన్నే పక్కకు పెడుతున్నారు కూడా. బండి కొనేవాళ్ళు మైలేజి అడుగుతారు, రంగు అడుగుతారు. "గాలి ఎక్కడ పట్టాలి? చూపించండి" అని అడిగేవారు తక్కువ. అడగడం మొదలైతే మార్పు వస్తుంది. రెండో బాధ్యత మనది. అంతవరకూ ఉన్న బండికి తగిన ఏర్పాటు చేసుకోవాలి. అది తెలిసి చేసుకోవాలి. చవకగా దొరికిన ముక్కను తగిలించి వదిలేయకూడదు.

మీరు చేయగల పని

మీకింకా మోటారు సైకిలు నడిపే వయసు రాలేదు. 18 నిండేదాకా దాని జోలికి పోవద్దు. కాని గాలి కొలవడానికి లైసెన్సు అక్కరలేదు.

చిన్న గేజి ఒకటి సంపాదించండి, లేదా మీ సైన్సు మాస్టారిని అడిగి బడికి ఒకటి తెప్పించండి. మీ వీధిలో పది బండ్ల యజమానుల అనుమతి తీసుకుని, పొద్దున్నే బండి కదలకముందే రెండు టైర్లలోని పీడనం కొలవండి. పొద్దున్నే ఎందుకు? 27 డిగ్రీల సెల్సియస్ వద్ద 28 పౌండ్లున్న టైరు, ఎండలో పరుగెత్తి 57 డిగ్రీలకు వేడెక్కితే గేజి 32 చూపిస్తుంది. గేజి చూపేదానికి వాతావరణ పీడనం 14.7 కలిపి, ఉష్ణోగ్రతను కెల్విన్లలోకి మార్చి లెక్క వేస్తే మీకే వస్తుంది. వేడిగా ఉన్న టైరులో గాలి ఎక్కువైందని తీసివేసి 28కి తెస్తే, చల్లారాక అది 24 అవుతుంది.

ఒక కాగితం మీద నాలుగు గళ్ళు గీయండి. బండి మీద రాసి ఉన్న పీడనం ఎంత, మీరు కొలిచింది ఎంత, వాల్వు నిటారుగా ఉందా పక్కకు ఉందా, గాలి చూసి ఎన్నాళ్ళయింది. పది బండ్లతో ఏ సిద్ధాంతమూ తేలదు. తరగతిలో నలభైమంది తలా పది బండ్లు కొలిస్తే నాలుగు వందలవుతాయి. అప్పుడు చేతికందే వాల్వు ఉన్న బండ్లలో గాలి సరిగా ఉంటున్నదా, లేక నేను చెప్పింది వట్టి ఊహేనా అన్నది తెలుస్తుంది. నా మాట తప్పని తేలితే ఆ మాట కూడా ఈ పత్రికకు రాసి పంపండి. నాకు చిన్నతనం ఏమీ లేదు.

ఒక్క మేలు మాత్రం ఎలాగూ జరుగుతుంది. మీరు కొలిచిన ఆ బండ్లలో 28 ఉండవలసిన చోట 13 ఉన్నది ఒక్కటైనా ఉంటే, దాని యజమానికి వాన పడకముందే ఆ సంగతి తెలుస్తుంది.